పాత నాలుగు ప్యాడ్ల మోడల్ రాకెట్ లాంచర్: దీపం వెలుగుతోంది, ఇగ్నైటర్ అంటుకోవడం లేదు

మీ నల్లగొండ రాకెట్ క్లబ్ లాంచర్ పెట్టెలో దీపం (తీగల దారి తెగలేదని చూపేది) వెలిగినా, చివరి రెండు ప్యాడ్ల మీద ఇగ్నైటర్ (రాకెట్ ఇంజన్‌ను అంటించే చిన్న తీగ) అంటుకోవడం లేదంటే, తప్పు ఎక్కువగా దాన్ని పట్టుకునే క్లిప్పుల దగ్గరే ఉంటుంది. దీపానికి కొద్దిపాటి కరెంటు చాలు, ఇగ్నైటర్‌కు ఆంపియర్లు కావాలి.

1. ముందు తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. ప్యాడ్ మీద రాకెట్ అసలు ఉండకూడదు.

2. క్లిప్పుల పళ్లను గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి.

3. అందరూ వదిలేసేది ఇదే: లోడ్ (నిజంగా కరెంటు లాగే వస్తువు) పెట్టి కొలవడం. ఊరికే మీటరు పెడితే 12 వోల్టులూ చూపించి మోసం చేస్తుంది. బండి ఇండికేటర్‌కు వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బును క్లిప్పులకు తగిలించండి. అప్పుడు తాళం తిప్పి, బటన్ నొక్కి పట్టి, క్లిప్పుల దగ్గరే వోల్టేజి చూడండి. మాకు మహబూబ్‌నగర్‌లో 12 కాస్తా 7కు పడిపోయింది. తొడుగు చీల్చి చూస్తే తీగ పచ్చగా చిలుము పట్టి, రెండు పోగులే మిగిలున్నాయి.

4. చిలుము పట్టిన మేర కోసేసి, మంచి తీగకు క్లిప్పు సోల్డర్ చేసి, మళ్లీ బల్బుతోనే చూడండి.