ఎవరి లక్ష్యాలు వారు రాసుకుంటే సంఘం ఎదగదు

మా క్రైస్తవ సంఘానికి ఐదేళ్ల ప్రణాళిక వేస్తున్నాం, సువార్తకు ఒక కమిటీ, సండే స్కూలుకు ఒకటి, యవనస్థులకు ఒకటి పెట్టి ఎవరి లక్ష్యాలు వారిని రాసుకొమ్మంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. చాలాకాలంగా సంఘ పెద్దల్లో ఒకడిగా ఉన్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ప్రణాళిక లేక చతికిలపడిన సంఘాలకంటే ఒకరి ప్రణాళిక ఇంకొకరికి తెలియక చతికిలపడిన సంఘాలే ఎక్కువ.

మా సంఘంలో ఒకసారి సువార్త సభలు పెట్టారు. పాటలు బాగున్నాయి, వాక్యం బాగుంది, జనం కూడా బాగా వచ్చారు. ప్రభువును తెలుసుకోవాలనుకునేవారు పేరు, చిరునామా రాసి ఇవ్వాలని కార్డులు పంచారు. కొన్ని వారాలు గడిచాక, ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోతుంటే ఒకావిడ కొడుకు చేయి పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తామన్నారండి. ఎవరూ రాలేదు. నేను చిరునామా సరిగా రాయలేదేమో, మళ్లీ రాసి ఇవ్వనా?" అని అడిగింది. పొరపాటు తనదేననుకుని వచ్చిందావిడ!

కార్డుల కోసం వెతికితే కీబోర్డు పెట్టెలో దొరికాయి, రబ్బరు బ్యాండు వేసినవి వేసినట్టే. సువార్త బృందాన్ని అడిగితే సభలు జరిపించడం వరకే తమ పని అన్నారు. స్త్రీల కూడికవారు పేర్లు ఇచ్చి ఉంటే తప్పకుండా వెళ్లేవాళ్లమన్నారు. జాబితా తన దాకా రాలేదని పాస్టరు గారు అన్నారు. వీరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందరి నివేదికల్లోనూ పని పూర్తయినట్టే ఉంది. మేం ఇలా మాట్లాడుకుంటుండగా సండే స్కూలు టీచరు బయటికి వచ్చి ఆ బాబును పేరు పెట్టి పిలిచింది. పక్కింటి పిల్లలతో కలిసి వాడు నెలల తరబడి ఆమె తరగతికి వస్తున్నాడట. ఇల్లు ఎక్కడో ఆమెకు తెలుసు, తండ్రి ఊళ్లో ఉండడని కూడా తెలుసు. తల్లి కార్డు రాసిన సంగతి మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. అదే వారం వాళ్లింటికి వెళ్లింది.

ఆ తర్వాతి ఏడాది పద్ధతి మార్చాం. కొత్తవారి ఇళ్లకు ఎవరు వెళతారు, ఏ గృహ కూడికలో చేర్చుకుంటారు, బాప్తిస్మానికి ముందు ఎవరు నేర్పిస్తారు, ఆ సమయంలో పిల్లల్ని ఎవరు చూస్తారు, వీటికి పేర్లు రాసుకున్నాకే సభల తేదీ. పేర్లు నిండకపోవడంతో సభలు వాయిదా వేశాం. కొందరు నొచ్చుకున్నారు. చివరికి చిన్నగానే జరిగాయి గాని వచ్చినవారు నిలిచారు. నాకు కావలసిన ఎదుగుదల అదే.

ప్రణాళికలు వేస్తే పరిశుద్ధాత్మకు చోటు ఉండదనేవారు మీకూ ఎదురవుతారు. వారితో కలిసి బైబిల్లో రోమా పత్రిక, అంటే పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం, 15వ అధ్యాయం చదవండి. మాసిదోనియ, అకయ సంఘాలు ఇచ్చిన చందాను పౌలు ముందు యెరూషలేములోని పేదలకు చేర్చాలి, తర్వాత రోమా వారిని చూడాలి, వారి సహాయంతో స్పెయిను వెళ్లాలి. పేదల పరిచర్య, సంఘాల సహవాసం, కొత్త ప్రాంతానికి సువార్త, మూడూ ఒకే ప్రయాణంలో ఉన్నాయి. పౌలు బితూనియ అనే ప్రాంతానికి వెళ్లబోతే ఆత్మ అడ్డుకున్నాడని అపొస్తలుల కార్యములు 16లో ఉంది. ప్రణాళిక వేసుకున్నందుకు మాత్రం పౌలును ఎవరూ మందలించలేదు.

1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన బోధకుడు జాన్ వెస్లీ సహవాసానికి మందిరం తాలూకు అప్పు ఉండేది. సభ్యులను పన్నెండు మంది చొప్పున గుంపులు చేసి, వారానికి ఒక పెన్నీ వసూలు చేయడానికి గుంపుకొకరిని పెట్టారు. ఇల్లిల్లూ తిరిగినవారికి డబ్బుతోపాటు ఆ ఇళ్లలో ఎవరు ఎలా బతుకుతున్నారో తెలిసివచ్చింది. వెస్లీ వారికే ఆ గుంపుల ఆత్మీయ బాధ్యత అప్పగించాడు. మెథడిస్టుల క్లాస్ మీటింగులు అలా మొదలయ్యాయి. మన సంఘాల్లోనేమో కానుకల పుస్తకం ఒకరి దగ్గర, పరామర్శల పుస్తకం ఇంకొకరి దగ్గర.

ఇంకో మాట కూడా చెప్పాలి. పక్క సంఘం నుంచి అలిగి వచ్చిన కుటుంబాలను కలిపి ఎదిగామని చెప్పుకోవడం నాకు అసలు నచ్చదు. కొత్తగా ప్రభువును తెలుసుకున్నవారిని వేరుగా లెక్కపెట్టండి. అంకె చిన్నదైతే చిన్నదనే రాయండి. ఏటా జనవరిలో కొత్త నినాదంతో బ్యానరు కట్టి నిరుటి పనిని మధ్యలో వదిలేసే అలవాటు కూడా మానాలి. సంఘం అలసిపోయేది పని ఎక్కువై కాదు, మొదలుపెట్టినదేదీ ముగియక.

ఐదేళ్లు అంటున్నారు కాబట్టి మొదటి ఏడాదంతా మనుషులను సిద్ధం చేయడానికే ఉంచండి. ప్రతి బాధ్యతలో ఉన్నవారి పక్కన నేర్చుకునేవారు ఒకరు ఉండాలి. పౌలు తన శిష్యుడు తిమోతికి, తిమోతి నమ్మకమైనవారికి, వారు ఇతరులకు బోధించాలని రెండవ తిమోతి 2:2లో ఉంది. పాస్టరు గారు మారినా పని ఆగకుండా ఉండాలంటే నాకు తెలిసిన దారి ఇదొక్కటే. మీ మొదటి సమావేశానికి కోశాధికారిని, సండే స్కూలు టీచర్లను తప్పక పిలవండి. వారిని చివర్లో పిలిచి నిర్ణయాలు వినిపించడం మాత్రం చేయకండి.