పిల్లల్ని విడదీసే రోజు బేరగాణ్ణి దొడ్డిలోకి రానివ్వకండి

బొబ్బిలి దగ్గర 25 తల్లి గొర్రెలతో మొదలుపెట్టానని, పిల్లలకి మూడో నెల నడుస్తోందని రాశారు. పాలు ఎప్పుడు మాన్పించాలి, ఏ పిల్లల్ని మందలో ఉంచుకోవాలి, ఒడ్డూ పొడుగూ ఉన్న ఆ నల్లమూతి పొట్టేలు పిల్లని విత్తనానికి ఉంచుకోవచ్చా అని మీ ప్రశ్న. మాది గజపతినగరం వైపు. నాన్న నాటి మందే, ఇప్పుడు నలభై తల్లులున్నాయి. కింద రాసేవాటిలో సగం చెయ్యి కాల్చుకున్నాక తెలిసినవే.

పాలు మాన్పించడం 90 రోజులకి. అప్పటికి పిల్ల గడ్డి నెమరేసి అరిగించుకుంటుంది, తల్లి దగ్గర పాలూ తగ్గిపోతాయి. ఇంకా తాగనిస్తే తల్లి చిక్కిపోయి మళ్లీ ఎదకి రావడం ఆలస్యమవుతుంది. మన నాటు గొర్రెల్లో పిల్ల పది కిలోలైనా తూగకపోతే మాత్రం ఇంకో రెండు వారాలు ఆగుతాను. అసలు తయారీ పదిహేనో రోజు నుంచే మొదలవ్వాలి. తడికకి పిల్లలు మాత్రమే దూరేంత కంత పెట్టి, అవతల అవిసాకో సుబాబుల్ ఆకో కట్టి, గుప్పెడు దాణా వెయ్యండి. అలా అలవాటైన పిల్ల తల్లి లేకపోతే మేతకి పోదన్న భయం ఉండదు.

నేను చేసిన తప్పు చెబుతాను. ఒక ఏడాది పిల్లల్ని పట్టుకుపోయి కొత్త సాలలో కట్టేసి, తల్లులకి మాత్రం ఎప్పటిలాగే దాణా పెట్టాను. మూడో రోజుకి రెండు గొర్రెల పొదుగులు రాయిలా గట్టిపడ్డాయి. ఒకదానికి పొదుగు వాపు తగ్గినా ఒక చన్ను ఎండిపోయింది, దాన్ని అమ్మెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు పిల్లల్ని కదపను, వాటికి తెలిసిన దొడ్డిలోనే ఉంచి తల్లుల్ని తోలేస్తాను. రెండు రోజుల ముందే తల్లుల దాణా ఆపేస్తాను. విడదీశాక ఇంకో రెండు మూడు రోజులు ఎండుగడ్డి, నీళ్లు, అంతే. పొద్దున్నే పొదుగు తడిమి చూస్తాను. మరీ బిగిసిపోతే కాస్త పిండి వదిలెయ్యాలి, మొత్తం పిండితే మళ్లీ పాలు చేపుతుంది. మూడు రాత్రులు అరుపులతో ఇంట్లో ఎవరికీ నిద్రుండదు. నాలుగో రోజుకి అవే సర్దుకుంటాయి.

నట్టల మందు వారం పది రోజుల ముందే తాగించెయ్యండి. విడదీసిన రోజే మందులు, టీకాలు, చెవి పోగులు అన్నీ పెట్టుకుంటే పిల్ల తట్టుకోలేదు. పారుడు రోగం టీకా మూడు నెలలు నిండాక వేయిస్తారు, తేదీ మీ పశువుల డాక్టరు గారితో మాట్లాడుకోండి. ఇంకో మాట. మన వైపు వరి కోశాక మళ్లల్లో మినుము, పెసర చల్లేస్తారు కాబట్టి మంద తోలడానికి చోటు దొరక్క అందరూ చెరువు గర్భాల్లోకి దింపుతారు. కొత్తగా పాలు మానిన పిల్లల్ని అక్కడ మేపకండి. ఆ తడి గడ్డి వల్లే కార్జానికి జలగలూ, కడుపులో నట్టలూ పడతాయి.

ఇక ఎంపిక. మా నాన్న ఒక మాట అనేవాడు: "బేరగాడి కళ్లతో మందని చూడకురా." సంక్రాంతి ముందో, సిరిమాను పండగ ముందో వచ్చే బేరగాడు ఏం చేస్తాడు? నడుము మీద చెయ్యి వేసి, బరువైన పిల్లలకి ముందు ధర చెబుతాడు. డబ్బు చూడగానే మనకీ చెయ్యి ఊరుకోదు. మూడేళ్లు అలాగే మంచి ఆడ పిల్లలన్నీ మానాపురం సంతకి పోయాయి, మా దొడ్డిలో మిగిలినవన్నీ ఎవరూ అడగనివి. అందుకే ఇప్పుడు విడదీసే రోజునే తూకం వేసి, ఉంచేవి తేల్చేసి, ఆ తర్వాతే బేరగాడికి ఫోన్ చేస్తాను.

తూకానికి పెద్ద హంగేమీ అక్కర్లేదు. వేప కొమ్మకి స్ప్రింగు కాటా కట్టి, పిల్లని గోనె సంచిలో దింపి, తల బయటికి ఉంచి వేలాడదీస్తాను. మా అమ్మాయి పాత నోటుబుక్కులో రాస్తుంది: తల్లి పేరు, పుట్టిన తేదీ, కవలా ఒంటిదా, బరువు. తల్లులకి పేర్లేమిటంటారా? చెవిచీలికది, తోకతెల్లది, కంచె దూకేది. పోయినసారి ఒంటి పిల్ల ఒకటి 14 కిలోలు తూగింది. చెవిచీలికదాని కవలల్లో ఒకటి 11, ఇంకోటి పదిన్నర. చూపుకి 14 కిలోలదే బంగారం. పుస్తకం తీస్తే అది 3 కిలోలతో పుట్టి 100 రోజులైంది. 11 కిలోల పిల్ల పుట్టినప్పుడు 2 కిలోల 200 గ్రాములే, వయసు 80 రోజులు. లెక్క కడితే రెండూ రోజుకి 110 గ్రాములే పెరిగాయి, ఒకటి మాత్రం తల్లి పాలని తోడుదానితో పంచుకుంది. పైగా మూడు నెలల బరువులో తల్లి పాల వాటా చాలా ఉంటుంది. రెండింటిని సాకిన తల్లి కడుపున పుట్టింది కాబట్టి ఆ 11 కిలోల ఆడ పిల్లని ఉంచాను. తల్లిని చూసి పిల్లని చేసుకోమని పెళ్లిళ్లలో అంటారు గానీ, అది గొర్రెల్లోనే బాగా పనిచేస్తుంది.

తల్లుల్ని కూడా ఆ రోజే చూసెయ్యండి. పళ్లు ఊడినవి, చన్ను చచ్చినవి, రెండుసార్లు చూలు నిలవనివి, పిల్లని దగ్గరికి రానివ్వనివి తీసెయ్యాలి. జాలి పడి ఉంచుకున్న ప్రతిదీ వానాకాలంలో నాకు ఖర్చే తెచ్చింది.

పొట్టేలు విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి, ఎందుకంటే 25 నుంచి 30 తల్లులకి ఒక్కటే చాలు, దాని గుణం మంద మొత్తానికీ వస్తుంది. కింది పళ్లు పై చిగురుకి సరిగ్గా ఆనాలి. వృషణాలు రెండూ దిగి, సమానంగా, గట్టిగా ఉండాలి. కాళ్లు నిటారుగా, గిట్టలు గట్టిగా ఉండాలి, మన వానలకి గిట్టలు మెత్తబడ్డ పొట్టేలు ఎక్కలేదు. నెల్లూరు జోడిపి జాతి పొట్టేలుని తెస్తే పిల్లలు పొడుగ్గా వస్తాయి, నిజమే. పొడుగు చూసి మేత సంగతి మర్చిపోకండి, పెద్ద ఒంటికి తిండీ పెద్దదే. వీర్యం తయారవడానికి ఏడు వారాల వరకూ పడుతుంది, కాబట్టి తొలకరికి జత కట్టించాలంటే రెండు నెలల ముందు నుంచే దాణా వెయ్యాలి.

మీ నల్లమూతిదాని తండ్రి ఇప్పటికీ మీ మందలోనే ఉందన్నారు. అయితే వద్దు, మీ ఆడ పిల్లలన్నీ దానికి తోబుట్టువులే అవుతాయి. నేనూ మా సొంత పొట్టేలునే నాలుగేళ్లు ఉంచాను, ముద్దొచ్చి. తన కూతుళ్లనే కట్టింది. మూడో ఏడాదికి పిల్లలు చిన్నవైపోయాయి, ఒకదానికి కింది దవడ పొట్టిగా వచ్చి చన్ను అందుకోలేక చచ్చిపోయింది. రెండేళ్లకోసారి పొట్టేలుని మార్చాలని అప్పుడు తెలిసింది. మీది మంచి పిల్లే అయితే పక్క ఊరి మందవాళ్లతో మార్చుకోండి, రూపాయి ఖర్చుండదు. తెచ్చినదాన్ని రెండు వారాలు విడిగా కట్టి, దగ్గూ పారుడూ లేవని చూశాకే మందలో కలపండి. ఈలోగా మీ పొట్టేలు పిల్లలన్నిటినీ నాలుగో నెల దాటకుండా ఆడవాటి నుంచి వేరు చెయ్యండి. చోటు లేకపోతే ఆడవాటిని కట్టకుండా వాటి కడుపు కింద గోనె గుడ్డ కట్టండి, రోజూ ముడి చూసుకోవాలి.