గ్లైరిసీడియా పెట్టినా కోకో ఆకు పాలిపోతోంది, ఎందుకని?

ప్రశ్న: నమస్తే సార్. కోకోకి నీడ కోసం మధ్యమధ్యలో గ్లైరిసీడియా కొమ్మలు పాతాను, రెండేళ్ళలో బాగా గుబురుగా పెరిగాయి. నత్రజని ఇచ్చే చెట్టు కదా అని యూరియా మానేశాను, కానీ కోకో ఆకులు పాలిపోయే ఉన్నాయి, పైగా వానల్లో కాయలు నల్లబడి కుళ్ళిపోతున్నాయి. ఈ చెట్లు తీసేయమంటారా?

జవాబు: అయ్యో, చెట్లు తీసేయకండి, కొమ్మలు కొట్టండి చాలు. రెండేళ్ళలో ఒక్కసారైనా కొమ్మలు కొట్టినట్టు మీరు రాయలేదు, నాకైతే తేడా అక్కడే కనిపిస్తోంది. ఈ చెట్టు గాల్లోంచి పట్టిన నత్రజనిని చాలావరకు తన ఒంట్లోనే దాచుకుంటుంది, ఊరికే నిలబడి ఉంటే పక్క మొక్కకి అందేది కొంచెమే. ఆకు కోసి కోకో పాదుల్లో పరిస్తే అప్పుడు అందుతుంది. ఎండిన ఆకులో 3 నుంచి 4 శాతం దాకా నత్రజని ఉంటుంది, మెత్తటి రొట్ట కాబట్టి కొన్ని వారాల్లోనే నేలలో కలిసిపోతుంది. మెక్సికో, మధ్య అమెరికా వైపు దీన్ని కోకో తల్లి అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు, నాకు చాలా ఇష్టమైన పేరు అది.

ముందు ఒకటి చూడండి. నేల తడిగా ఉన్నప్పుడు గ్లైరిసీడియా మొదలుకి మూరెడు దూరంలో మెల్లగా తవ్వితే సన్నవేళ్ళకి బుడిపెలు కనిపిస్తాయి, ఒకటి తీసి గోరుతో చిదమండి, లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే నత్రజని పట్టే పని జరుగుతున్నట్టే, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే జరగట్లేదు. నీళ్ళు నిలిచినా, భాస్వరం తక్కువైనా అలా అవుతుంది.

కొమ్మలు ఏడాదికి రెండు మూడుసార్లు కొట్టొచ్చు, వానలకి కాస్త ముందు మాత్రం తప్పకుండా కొట్టండి, ఎందుకంటే గాలి ఆడక తడి ఆరకపోతే కాయకుళ్ళు పెరుగుతుంది. కుళ్ళిన కాయలు ఏరి తోట బయటికి తీసుకెళ్ళండి, చెట్టు కిందే వదిలేస్తే మళ్ళీ అంటుకుంటుంది. చెట్టుని మొత్తం బోడి చేయకండి, నాలుగైదు కొమ్మలు ఉంచండి, లేకపోతే కోకోకి ఒక్కసారిగా ఎండ తగిలి ఆకు మాడుతుంది.

యూరియా కూడా ఒకేసారి మానేయాల్సింది కాదండీ, రొట్ట పడేకొద్దీ తగ్గించుకుంటూ రండి. ఇంకోటి, కొమ్మ పాతిన చెట్టుకి తల్లివేరు ఉండదు, పెద్ద గాలొస్తే పడిపోవచ్చు, అందుకే గాలి కొట్టే వైపు వరసలో ఈసారి విత్తనంతో పెంచండి, రాత్రి నానబెట్టి పొద్దున నాటితే బాగానే మొలుస్తాయి. మిగిలిన ఆకు వాడిపోయాక మేకలకి వేయొచ్చు, గుర్రాలకి మాత్రం అస్సలు పెట్టకండి, విషం.