నంది కొండ గుంతలా కనిపించిన రోజు

మెదడు ముందుగా ఊహించుకున్నదే కళ్ళకు కనిపిస్తుందంటారు కదా, అసలు సంగతి తెలిసిన తరువాత కూడా అలాగే కనిపిస్తుందా అని మీరు అడిగారు. కనిపిస్తుంది. నా ఉద్యోగంలో జరిగిన ఒక పొరపాటు వల్ల ఇది నాకు బాగా తెలిసివచ్చింది.

నేను హిందూపురంలో పెరిగాను. బెంగళూరులో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా పటాలు గీసే పని చేస్తున్నాను. చేరిన కొత్తలో, డిసెంబరులో తీసిన ఒక చిత్రం మీద బెంగళూరు దగ్గరి నంది కొండల చుట్టూ ఉన్న వాగులను గుర్తించమన్నారు. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు ఎక్కిన ఆ 1,478 మీటర్ల కొండ తెర మీద నాకు పెద్ద గుంతలా కనిపించింది. లోయలన్నీ గట్లుగా, గట్లన్నీ లోయలుగా అనిపించడంతో రోజంతా గట్ల వెంటే గీతలు గీశాను. సాయంత్రం మా పై అధికారి వెనుక నిలబడి చూసి, "నీరు పల్లమెరుగు అంటారు గదమ్మా, నీ వాగు గుట్ట ఎక్కుతోందే" అన్నారు. ఆయన చిత్రాన్ని తలకిందులుగా తిప్పగానే కొండ పైకి లేచింది.

కారణం ఎండ వచ్చే దిక్కులో ఉంది. పటంలో పైవైపు ఉత్తరం. ఇలాంటి చిత్రాలు తీసే ఉపగ్రహాలు చాలావరకు ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళతాయి. 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్న మన ప్రాంతానికి డిసెంబరులో ఆ వేళకు సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు కనుక, చిత్రంలో వెలుగు కిందివైపు నుంచి వచ్చి నీడలు పైవైపుకు పడతాయి. మెదడేమో వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందని నమ్ముతుంది. రెటీనా మీద పడేది చదునైన బొమ్మ. పైనుంచి వెలుగు పడిన గుట్టకూ, కిందినుంచి వెలుగు పడిన గుంతకూ అందులో దాదాపు తేడా ఉండదు, కాబట్టి ఏదో ఒకటి తేల్చుకోవడానికి మెదడు తన పాత అలవాటునే ఆశ్రయిస్తుంది. మే నెలలో సూర్యుడు ఈశాన్యం వైపు జరగడం వల్ల అదే కొండ కొండలాగే కనిపిస్తుంది.

జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే చూపు అనేది మనకు తెలియకుండా జరిగే అనుమానమని అన్నాడు. ఇక్కడ అనుమానం అంటే సందేహం కాదు, మన తర్కశాస్త్రంలో పొగను చూసి నిప్పును ఊహించడం వంటిది. చెన్నైలో వైద్యవిద్య చదివిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1988లో ప్రచురించిన ప్రయోగాలలో ఇంకో విచిత్రం బయటపడింది: మెదడు లెక్కలో 'పైన' అంటే ఆకాశం వైపు కాదు, మన తల వైపు. తల వంచి చూస్తే ఆ 'పైన' కూడా తలతోపాటే వంగుతుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. గుంతపొంగణాల పెనాన్ని, కిటికీ వెలుగు ఫొటోలో పై అంచు వైపు నుంచి పడేలా పెట్టి ఫొటో తీసి, ఆ ఫొటోను తలకిందులు చేసి చూడండి. నేను అలా తిప్పి చూపినప్పుడు మా అమ్మ, "పెనం ఎందుకు బోర్లించినావే?" అని అడిగింది.

ఈ ప్రశ్న వచ్చిన ప్రతిచోటా తాడును చూసి పామనుకున్నవాడి ఉదాహరణ చెబుతారు. అది ఇక్కడ సరిగ్గా అతకదని నా అభిప్రాయం. అక్కడ దీపం తెస్తే పాము పోతుంది. నా విషయంలో దీపం వెలుగుతూనే ఉంది, అది కొండ అని నాకు తెలుసు, అయినా గుంత పోలేదు. మనకు తెలిసిన విషయం ఒకచోట, చూపును నడిపించే అలవాటు మరొకచోట ఉన్నట్టుంది. అయితే ఆ అలవాటు బొత్తిగా మారనిదేమీ కాదు. ఆకారాలను చేతితో తడిమి తెలుసుకునేలా సాధన చేయిస్తే, వెలుగు వచ్చే దిక్కు గురించిన ఊహ కొంత మారుతుందని 2004లో ఆడమ్స్, గ్రాఫ్, ఎర్న్‌స్ట్ అనే పరిశోధకులు చూపించారు. నేను తడమగలిగేది మౌస్‌ను మాత్రమే కాబట్టి నాకు ఆ భాగ్యం లేదు.

ఇప్పటికీ చలికాలపు చిత్రం తెరిస్తే మొదట గుంతే కనిపిస్తుంది. అందుకని ముందు చెరువులు ఎక్కడున్నాయో వెతికి, నీరున్న చోటు పల్లమని ఖాయం చేసుకుని, ఆ తరువాతే మొదటి గీత గీస్తాను.