అఫ్గాన్ హౌండ్‌ను పెంచగలమా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి అఫ్గాన్ హౌండ్ కుక్క కావాలని పట్టుబట్టింది. అంత జుట్టు చూసుకోగలమా డాక్టర్‌గారూ?

జవాబు: ఓపిక ఉంటే చూసుకోవచ్చమ్మా. పొడి జుట్టు దువ్వితే తెగుతుంది. కండిషనర్ కలిపిన నీళ్లు చిలకరించి, పాయలు విడదీసి దువ్వండి. చెవుల వెనక, చంకల్లో ముందుగా అట్టకడుతుంది. రోజూ అక్కడ వేళ్లు పెట్టి చూడండి. తిండి పెట్టేటప్పుడు చెవులకు గుడ్డ తొడుగు వేయాలి, లేకపోతే జుట్టంతా గిన్నెలోనే! పిల్లబొచ్చు పోయి పెద్దజుట్టు వచ్చే నెలల్లో చిక్కులు మరీ ఎక్కువ.

నాకైతే జుట్టు కంటే దాని పరుగంటేనే టెన్షన్. అఫ్గానిస్తాన్ కొండల్లో వేటను కంటితో చూసి తరిమిన జాతి అది. ఉడుత కనబడిందా, మీ పిలుపు చెవికెక్కదు. ఎత్తైన కంచె లేనిచోట పట్టీ విప్పొద్దు. ఒంట్లో కొవ్వు తక్కువ, అందుకే కొన్ని మత్తుమందుల ప్రభావం తొందరగా దిగదు. ఆపరేషన్‌కు మత్తిచ్చే ముందు ‘సైట్‌హౌండ్’ (కంటిచూపుతో వేటాడే జాతి) అని అక్కడి డాక్టరుకు గుర్తుచేయండి.