మాడభూషి అనంతశయనం అయ్యంగారు లోక్‌సభకు తొలి స్పీకరా?

కాదు, ఆయన రెండో స్పీకర్. తొలి స్పీకర్ జి.వి. మావలంకర్. అయ్యంగారు 1952లో తొలి డిప్యూటీ స్పీకర్ అయ్యారు. ఆ 'డిప్యూటీ' అనే మాట జారిపోయి, మనవైపు చాలామంది నోట ఆయన తొలి స్పీకరైపోయారు.

ఇంకో పొరపాటు కూడా ఉంది: మావలంకర్ పోగానే ఆ కుర్చీ దానంతటదే ఈయనకు వచ్చిందనుకుంటారు. రాజ్యాంగం ప్రకారం స్పీకర్ స్థానం ఖాళీ అయితే డిప్యూటీ ఆ పనులు చూస్తారంతే, పదవి రాదు; సభ మళ్లీ ఎన్నుకోవాలి. మావలంకర్ 1956 ఫిబ్రవరి 27న చనిపోయారు. సభ అయ్యంగారిని ఎన్నుకున్నది మార్చి 8న. మధ్యలో ఆ కొద్ది రోజులూ ఆయన డిప్యూటీయే.

తిరుచానూరులో 1891లో పుట్టి, లెక్కల మాస్టారుగా మొదలై, చిత్తూరులో వకీలుగా స్థిరపడిన మనిషి. 1934లోనే కేంద్ర శాసనసభకు గెలిచారు. నియోజకవర్గం దగ్గరా తికమకే: 1952లో తిరుపతి, 1957లో చిత్తూరు. అంటే స్పీకర్‌గా ఎన్నికైన రోజుకు ఆయన తిరుపతి ఎంపీ. 1962లో బీహార్ గవర్నర్‌గా వెళ్లారు.