నాన్న క్యారేజీలో మిగిలిన బూరెలు

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. భీమవరం దగ్గర పల్లె మాది. నాన్న పెళ్ళిళ్ళకు వంట మేస్త్రి. అమ్మమ్మగారింట్లో గేదెకు మగదూడ పుడితే దాని గతి ఏమవుతుందో కళ్ళారా చూశాక పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, తేనె అన్నీ మానేశాను. రెండేళ్ళయింది. పెళ్ళి అయిన ప్రతిసారీ నాన్న మిగిలినవి క్యారేజీల్లో తెస్తారు. దానికి ఎన్నో రెట్లు కాలవ గట్టున పారబోస్తారు. "పారేసే బూరె తింటే ఏ గేదెకి నష్టమే?" అంటారు. మొన్న మాఘమాసం ముహూర్తాల్లో రెండు తిన్నాను. తప్పు చేశాననిపించి రాత్రంతా నిద్ర పట్టలేదు. తిననంటే నాన్న మాట్లాడటం మానేస్తున్నారు. పోనీ, చివరి బంతి లేచాక నేనే హాలుకి వెళ్ళి, నెయ్యి తగలని కూరలు పారబోయకుండా తెస్తానంటే, "ఎంగిలి కూటికి పోతావా?" అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. ఏది సరైనది?

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు బూరెల సంగతి తేల్చేద్దాం. మీరు తిన్నందుకు ఏ గేదే అదనంగా బాధపడలేదు. ఆ నెయ్యి అప్పటికే కొన్నారు, పూర్ణంలో కలిపేశారు. దానికి నిద్ర పాడు చేసుకోవద్దు. అయితే మీ నాన్నగారి మాటలో సగం నిజమే ఉంది, ఆ మిగతా సగం దగ్గరే మీ చిక్కంతా.

కొనకుండా, పారేసే తిండి మీదే బతికే పద్ధతికి 1990లలో అమెరికాలో ఫ్రీగన్ అని పేరొచ్చింది. వాళ్ళ వాదన ఇది: మనం డబ్బు పెట్టి కొంటేనే ఇంకా తయారు చేస్తారు, చెత్తబుట్టలోది తీసుకుంటే ఎవరికీ గిరాకీ పెరగదు. అందుకే వాళ్ళలో కొందరు పారేసిన మాంసం కూడా తింటారు. మీలా పాలు, నెయ్యి, తేనె కూడా ముట్టని పద్ధతిని వీగన్ అంటారు, ఆ మాట అంతకంటే పాతది. 1944లో ఇంగ్లండులో మొదలైన సంఘం తన నిర్వచనంలో 'సాధ్యమైనంత, ఆచరించగలిగినంత మేరకు' జంతువుల దోపిడీకి దూరంగా ఉండటమని రాసుకుంది. ఈ రెండు దారులూ కలిసే చోట అడగాల్సిన ప్రశ్న ఒకటే: నేను తింటున్నానని తెలిస్తే రేపు ఎవరైనా ఒక్క గరిటె ఎక్కువ వండుతారా?

ముక్కూ మొహం తెలియని హోటలు చెత్తబుట్ట దగ్గరైతే దానికి జవాబు 'లేదు'. మీ ఇంట్లో మాత్రం అంత సులువు కాదు. మేస్త్రి ఇంటికి క్యారేజీ రావడం ఈ వృత్తిలో పాత ఆనవాయితీ, సగం కూలి లాంటిది. సహాయకులకు, వడ్డన కుర్రాళ్ళకు, అంట్లు తోమే ఆడవాళ్ళకు వాటా పోతుందని ముందే అంచనా ఉంటుంది. "మా అమ్మాయికి బూరెలంటే ఇష్టం" అన్న ఒక్క మాట చాలు, పూర్ణం ఒక పళ్ళెం ఎక్కువ పడటానికి. కాబట్టి నాన్న క్యారేజీలో వచ్చే బూరె పారేసింది కాదు, మీ కోసం తెచ్చింది. దాన్ని వద్దనడమే మీ నియమానికి సరిపోతుందని నా అభిప్రాయం. ఎప్పుడైనా తప్పనిసరై ఒకటి తింటే నియమం కూలిపోయినట్టు కాదు. కానీ 'మిగిలితే తినొచ్చు' అన్నది రివాజైతే, మిగలాలని మనసు కోరుకోవడం మొదలుపెడుతుంది. నాకు భయం అక్కడే.

ఇప్పుడు అమ్మగారి మాట. దాన్ని ఉట్టి నామోషీ అని కొట్టిపారేయకండి. మన భాషలో మిగిలినదాన్ని ఒక్క గాటన కట్టం కదా, ఆవిడతో ఆ తేడాలే మాట్లాడండి. విస్తట్లో వదిలింది ఎంగిలి. అది మనిషి తినకూడదు. మీరు చెబుతున్నది అండాలో, గుండిగలో గరిటె మాత్రమే తగిలింది. అది ఎంగిలి కాదు, మిగులు. వండకుండా మిగిలిన కందలు, వంకాయలు, కొబ్బరికాయలు మూడో రకం. వీటి మీద అమ్మకూ అభ్యంతరం ఉండదు, మొదలు అక్కణ్ణుంచే పెట్టండి. బఫే బల్ల మీద అతిథులు స్వయంగా వడ్డించుకున్న పళ్ళేల విషయంలో మాత్రం అమ్మ మాటే వినండి. పదిమంది చేతులు తిరిగిన గరిటె, నెయ్యి గిన్నెలో మునిగిన గరిటె ఒకటే అయి ఉంటుంది.

ఇంకొక లెక్క కూడా ఉంది. మిగులు పెళ్ళివారి సొమ్ము, వాళ్ళతో ఒకమాట చెప్పి తీసుకోవాలి. మీకంటే ముందు దాని మీద ఆశ పెట్టుకున్నవాళ్ళుంటే వాళ్ళ వంతు అయ్యాకే మీది. డొక్కా సీతమ్మగారి లంకల గన్నవరం ఉన్న సీమ మనది. ఆవిడ ఆకలన్నవాడికి వేళాపాళా చూడకుండా వండి పెట్టింది. పాసిపోయే దాకా ఉంచి, ఆ తర్వాత దానం అని పంచడం ఆ దారి కాదు.

జంతువుల కోసమే ఇదంతా మొదలుపెట్టారు కాబట్టి ఈ మాట తప్పకుండా వినండి. పెళ్ళి మర్నాడు మిగిలిన అన్నం, బూరెలు బకెట్లకు బకెట్లు కుడితి గోలెంలో పోసి గేదెలకు పెట్టేస్తుంటారు. గేదె పొట్ట గడ్డికి అలవాటు పడింది. ఒక్కసారిగా అంత అన్నం, అంత బెల్లం పడితే లోపల పులిసి ఆమ్లం పెరుగుతుంది. మేత మానేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, పారుతుంది, లేవలేక పడిపోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. రోజూ తాగే కుడితిలో పడే అన్నం కంటే ఎక్కువ వేయొద్దని చుట్టుపక్కల ఇళ్ళకు చెప్పండి. ఎక్కువ తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం చూడకుండా వెంటనే పశువుల డాక్టరుని పిలవాలి. రెండు బూరెలు తినకపోవడం కంటే ఈ పని వల్ల గేదెలకు ఎక్కువ మేలు.

మీరు తెచ్చుకునేవి ఏవి, ఎలా? పులిహోర, ఆవపెట్టిన పనసపొట్టు, కంద బచ్చలి, గుత్తి వంకాయ, గోంగూర మామూలుగా నూనెతోనే అవుతాయి. ముద్దపప్పులో, సాంబారు తాలింపులో నెయ్యి పడొచ్చు. జీడిపప్పు కూరలో పాలో మీగడో కలుపుతారు, పనస బిర్యానీలో పెరుగు, నెయ్యి రెండూ ఉంటాయి. బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోయడం వడ్డనలోనే అయినా, పూర్ణంలోనే ముందు పడి ఉంటుంది. ఆరా తీయాల్సిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు, అదొక అదృష్టం. మిగిలిన బిస్కెట్ పొట్లాలు వస్తే, పచ్చ చుక్క చూసి నమ్మకండి. పాలు, నెయ్యి ఉన్నా ఆ చుక్క వేస్తారు.

వేళ విషయంలో మొహమాటం వద్దు. వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా. మధ్యలో రెండు గంటలు మించకూడదు. చుట్టూ గాలి వేడి 32 డిగ్రీలు దాటితే గంటే, మన వేసవి ముహూర్తాలన్నీ దాని కిందకే వస్తాయి. అందరూ పొరబడేది అన్నం దగ్గర. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవికి విత్తనాల్లాంటి బీజాలు (స్పోర్లు) ఉంటాయి, అన్నం ఉడికినా అవి చావవు. పెద్ద అండాలో అన్నం పైన చల్లారినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, ఆ వెచ్చదనంలో అవి మొలిచి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. రంగూ వాసనా మారకపోవచ్చు. అందుకే అన్నాన్ని రెండు అంగుళాల మందంలో వెడల్పు పళ్ళేల్లో పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా పొగలు వచ్చేలా వేడి చేసి ముగించాలి. చింతపండు పులుపు వల్ల పులిహోర కొంత నయం. కొబ్బరి పచ్చడి అన్నిటికంటే ముందు పోతుంది, పప్పు తర్వాత. "మన తాతలు చద్దన్నం తినలేదా?" అంటారు. అది ఇంట్లో మిగిలిన కాస్త అన్నం, నీళ్ళలో మునిగి రాత్రంతా పులిసినది. అండాలో పొడిగా ఉండిపోయిన పెళ్ళి అన్నం వేరు. వేళ తెలియని పదార్థాన్ని పెంటకుప్పకు పంపడమే మంచిది, అందులో అపరాధం ఏమీ లేదు.

నాన్నగారితో అసలు మాట మిగిలిన తర్వాత మాట్లాడటం కాదు, వండకముందు మాట్లాడాలి. ఆయనకు బాధ బూరె తిననందుకు కాదు, తన చేతి వంట కాదన్నందుకు. "నాన్నా, నీ కంద బచ్చలి, నీ పనసపొట్టు నాకు కావాలి. నెయ్యి డబ్బా తీయకముందే నా గిన్నెలోకి రెండు గరిటెలు తీసిపెట్టవా?" అని అడగండి. మళ్ళీ ఆయన వండిపెట్టేవారు, మీరు తినేవారు అవుతారు. ఇంట్లో మీకోసం బూరెలు వేయమని కూడా అడగండి. కిలో శనగపప్పు, 800 గ్రాముల బెల్లం, యాలకులు, ఒక కాయ కొబ్బరి తురుము. పూర్ణం గిన్నెకు అంటకుండా, ఆరి పెళుసు కాకుండా నెయ్యి చేసే పని రెండు చెంచాల కొబ్బరినూనె చేస్తుంది. పప్పు పలుకు మీద ఉడికించి నీళ్ళు పూర్తిగా వార్చాలి. పూర్ణం జారుగా ఉంటే తోపు (పైపిండి) పగిలి నూనెలో చీదేస్తుంది. తోపుకు మినప్పప్పు ఒకటి, బియ్యం రెండు.

ఆ తర్వాత, కోపం దిగాక, అన్నం లెక్క ఎత్తండి. పులిహోర, బిర్యానీ, నాలుగైదు కూరలు ఉన్న పెళ్ళిలో తెల్లన్నానికి వంద మందికి ఎనిమిది నుంచి పది కిలోల బియ్యం సరిపోతుంది. పారబోత ఎక్కువవడానికి కారణం మేస్త్రి కాదు. 'తక్కువైతే పరువు పోతుంది' అని పెళ్ళివారు ఇచ్చే అదనపు లెక్క. దానికి మందు బంతుల్లోనే ఉంది. మొత్తం ఒకేసారి వార్చకుండా మూడో వంతు బియ్యం కడగకుండా ఆపి, రెండో బంతి లేచేటప్పుడు తలలు లెక్కపెట్టి కావాల్సినంతే కడిగి పొయ్యి మీద పెడితే చాలు. కొద్దిసేపట్లోనే అన్నమవుతుంది. మిగిలిన పొడి బియ్యం మళ్ళీ బస్తాలోకే పోతుంది. నాన్నగారికి గ్యాస్ కూడా మిగులుతుంది, ఆ మాటే ముందు చెప్పండి.

మార్కెట్ల వైపు మనసుంటే రావులపాలెం అరటి మార్కెట్టులో బాగా మగ్గి అమ్ముడుపోనివి, సాయంత్రం రైతుబజారులో వాడిన కూరలు అడిగి తీసుకోండి, నాలుగు రూపాయలు ఇవ్వండి. వాడిన ఆకుకూరకు పర్వాలేదు. పచ్చబడ్డ బంగాళాదుంప, బూజు పట్టిన వేరుశనగ, బూజు కొబ్బరి మాత్రం గిల్లి బాగుచేసి తినేవి కావు; వేరుశనగ బూజులోని విషం వేయించినా పోదు.

చివరిగా మీ ఒంటి సంగతి. రెండేళ్ళు పాలు, పెరుగు లేకుండా ఉన్నారు. బి12 మొక్కల తిండిలో దొరకదు, చద్దన్నం, తరవాణిలను నమ్ముకోవడానికి లేదు. రోజుకు కావాల్సింది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైమాటే, అయినా అది మాత్ర రూపంలోనో, బి12 కలిపిన ఆహారంలోనో రావాలి. కాళ్ళలో తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు, నిద్ర చెదరడం ఏమైనా ఉంటే ఈ వారమే రక్తపరీక్ష చేయించండి. డాక్టరుకు వీగన్ అని, పెరుగు కూడా తిననని విడమరిచి చెప్పండి. 'శాకాహారం' అంటే పాలు ఉన్నాయనే అనుకుంటారు.